అద్దాల మీద ఊపిరి

కళ్ళజోడు తీసేస్తే నాకు మనుషులు కనిపించరు, రంగులు కనిపిస్తాయి. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. స్కూల్లో సోడాబుడ్డి అని పిలిచినవాళ్ళూ నవ్వారు, కెనడాలో, విన్నిపెగ్‌లో నాతో బేస్‌మెంట్ పంచుకున్న కరీంనగర్ అమ్మాయీ నవ్వింది. ఆమె కళ్ళు బంగారం. బస్సు మలుపు తిరుగుతుండగానే నంబరు చదివి చెప్పేది. కళ్ళు బాగున్నవాళ్ళకి చెప్పుకోవడం కంటే గోడకి చెప్పుకోవడం నయమని నాకు ఒళ్ళు మండేది. అయినా ఆ ఊళ్ళో నాకు దగ్గరి మనిషంటే ఆమె ఒక్కతే. నాకంటే కాస్త చిన్నది, అక్కా అని పిలిచేది. జ్వరమొస్తే చారు కాచిపెట్టేది.

ఏ బస్సెక్కినా వెనక సీట్లో తెలుగు వినిపించే రోజులవి. ప్రతి కాలేజీలోనూ మనవాళ్ళే, ప్రతి బేస్‌మెంట్‌లోనూ మనవాళ్ళే. షిఫ్టులు దొరక్క కొందరు, వర్క్ పర్మిట్ సంగతి తేలక కొందరు, అందరం లోలోపల బెంగతోనే తిరిగేవాళ్ళం. ఆదివారం తెలుగు ప్రార్థనకి వెళ్తే అక్కడ ఒంగోలు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ఆంటీ, అంకుల్ మాకు కడుపునిండా అన్నం పెట్టేవాళ్ళు. చదువూ పనీ తప్ప ఈ దేశంలో ఏం చూశారమ్మా మీరు అని, ఒక శనివారం మా ఇద్దరినీ గడ్డకట్టిన సరస్సు పక్కనున్న తమ చెక్క కేబిన్‌కి తీసుకెళ్ళారు.

అక్కడ మంచు మీద నడిచే బండ్లు, స్నోమొబైళ్ళు, రెండున్నాయి. ఒకటి అంకుల్ నడిపితే వెనక ఆంటీ. రెండోది నేను నడపాలి, ఎందుకంటే మా ఇద్దరిలో స్కూటీ నడిపింది నేనే. నా కళ్ళజోడు చూసి అంకుల్ ప్రత్యేకంగా జాగ్రత్తలు చెప్పారు. ముక్కుకి గుడ్డ కట్టుకోవద్దు, ఊపిరి పైకి తన్ని అద్దాల మీద పడుతుంది. ఆగినప్పుడు హెల్మెట్ ముందద్దం ఎత్తి గాలి ఆడనివ్వాలి. సరస్సు మీద దారి గుర్తుగా మంచులో పాతిన కర్రల వరస దాటి పక్కకి పోకూడదు. సరస్సు గట్టిగానే గడ్డకట్టి ఉంటుంది కానీ అక్కడక్కడా పైమంచు కింద నీళ్ళు నిలుస్తాయి, చూడ్డానికి మామూలు మంచులాగే ఉంటుంది. ఏమైనా అయితే బండి దగ్గరే ఉండండి, నేను వెనక్కి చూసుకుంటూనే ఉంటానన్నారు. మా కరీంనగర్ పిల్ల ఫోన్లో ఎక్కడో చూసి, ఆవిరి పట్టకుండా నా కళ్ళద్దాలకి సబ్బు రాసి, మెరిసేదాకా తుడిచి నా ముఖానికి పెట్టింది.

అన్నీ విన్నాను. బయటికొచ్చి చలి ముక్కుని కొరకగానే విన్నదంతా మర్చిపోయాను. స్కూటీ నడిపే ఆడపిల్లలందరికీ వచ్చిన విద్య ఒకటుంది కదా, చున్నీ ముఖమంతా చుట్టి, కళ్ళు మాత్రం వదిలి, వెనక ముడేసుకోవడం. గుంటూరు ఎండకీ దుమ్ముకీ అంతకు మించిన మందు లేదు. చేతులు వాటంతట అవే చుట్టేశాయి. ముడి ఆమె బిగించింది. దానిపైన హెల్మెట్ పెట్టుకుని సరస్సు మీదికి బయల్దేరాం.

కాసేపు హాయిగానే ఉంది. తర్వాత అద్దాల అంచుల్లో తెలుపు మొదలై మధ్యకి పాకింది. అంకుల్ బండి ఎర్రలైటు ముందు మసకబారింది, తర్వాత లేదు. బండి ఆపి కళ్ళజోడు తీసి తడిమితే లోపలివైపు పొర గరగరలాడింది, నా ఊపిరే గడ్డకట్టి అతుక్కుంది. చున్నీ కొసతో తుడిచాను. ఆ కొస కూడా ఊపిరికి తడిసే ఉంది, ఉన్న పొర మీద ఇంకో పొర వేసింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

మళ్ళీ స్టార్టవుతుందో లేదోనని ఇంజన్ ఆపలేదు. ఆ రొదలోనే ఆమె నా చెవి దగ్గరికి వంగి, తను నాలుగడుగులు ముందుకి పోయి అంకుల్‌కి చెయ్యూపుతానని, ఈలోగా అద్దాలు తుడుచుకోమని చెప్పింది. వద్దన్నాను. వినిపించలేదో, వినదల్చుకోలేదో. ఆమె వేసుకున్న నీలం కోటు కాసేపు మరకలా కదిలి, ఆ తెలుపులో కలిసిపోయింది.

కళ్ళజోడు కోటు లోపల, పొట్టకి ఆనించి పెట్టుకున్నాను. కరిగింది. తుడిచి పెట్టుకుంటే రెప్పపాటులో మళ్ళీ తెల్లబడింది. కళ్ళజోడు తీసేసి, తలెత్తి అన్ని వైపులా చూశాను. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు, అందులో మనిషి లేదు. పేరు పెట్టి అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆమె ఉందో, కర్రల వరస దాటిందో, మునిగిందో తెలియలేదు. తల దించి మళ్ళీ కళ్ళజోడుతో కుస్తీ పట్టాను. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు, గొడవంతా చున్నీతోనని. లాగి పారేశాను. చలి ముక్కుని కోసింది, ఊపిరి ముందుకి పోయింది, ఈసారి అద్దాలు అలాగే నిలిచాయి.

ఆమె నేను భయపడినంత దూరంలో లేదు. కర్రలకి ఎడమవైపు ఒక కాలు మోకాలి దాకా మంచులో దిగబడి, రెండోది మడిచి, ఒక చెయ్యి పైకెత్తి ఉంది. ఆమె అడుగుల్లోనే అడుగులేస్తూ పరిగెత్తి చంకల కింద పట్టుకుని లాగాను. ఈలోపు అంకుల్ కూడా వెనక్కి తిరిగి వచ్చారు. ఇద్దరం లాగితే కాలు వచ్చింది, బూటు నీళ్ళలోనే ఉండిపోయింది.

కేబిన్‌లో ఆంటీ ఆమె పాదాన్ని గోరువెచ్చని నీళ్ళలో పెట్టి, ప్రభువా ప్రభువా అంటూ పట్టుకుని కూర్చుంది. వేళ్ళు మైనంలా ఉన్నాయి. ఆస్పత్రికి బయల్దేరాలని అంకుల్ కారు వేడెక్కిస్తున్నారు. నేను ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "అద్దాలు గడ్డకట్టేశాయే, నువ్వు కనపడలేదు" అన్నాను.

ఆమె పాదం వైపే చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "చెయ్యెత్తి ఊపిన అక్కా. నువ్వు నా దిక్కే చూసినవ్. చూసి, మళ్ల తల దించుకున్నవ్."

తర్వాత చాలాసార్లు వివరించాను, నా పవర్ ఎంతో, కళ్ళజోడు లేకపోతే లోకం ఎలా ఉంటుందో. తెలుసక్కా అనేది, తలూపేది. వేళ్ళు దక్కాయి. చారు కాచడమూ మానలేదు. కానీ నేను కళ్ళజోడు తీసినప్పుడల్లా ఆమె మాటలు ఆగిపోయేవి, అది నాకు ముల్లులా గుచ్చుకునేది.

ఒక ఉదయం ముఖం కడుక్కుని, కళ్ళజోడు లేకుండా తువ్వాలుతో తుడుచుకుంటున్నాను. గదిలో అవతలి గోడ దగ్గర, తెల్ల సున్నం మీద ఎర్ర స్వెట్టర్ రంగు గీత ఒకటి పైకి లేచింది.

"ఏంటే?" అన్నాను.

"ఏం లేదక్కా" అంది. ఎత్తిన చెయ్యి దించేసింది.

కళ్ళజోడు లేని నన్ను ఆ చెయ్యెత్తి ఆమె ఏం అడిగిందో, ఏంటే అని నేనేం జవాబు చెప్పానో అప్పుడర్థమైంది. ఆ గది ఎంత చిన్నదో, ఆ సరస్సు ఎంత పెద్దదో చెప్పాలని నోరు తెరిచాను. అప్పటికే ఆమె షిఫ్టుకి కోటు తొడుక్కుంటోంది.