వెర్నా వాళ్ళ అమ్మమ్మ

ఇరవై ఏళ్ళు దాటింది. గుండెల మీద కుంపటిలా ఈ మాట మోస్తున్నాను. మావారికి చెప్పలేదు. మా అమ్మకు అసలే చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడక్కండి.

కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్ళు రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చిన రోజులవి. నేనూ అలాగే సింగపూర్ వచ్చి, సెంబవాంగ్‌లో ఓ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. పక్క గదిలో వెర్నా ఉండేది. గయానా దేశపు నల్లజాతి మనిషి, యూనివర్సిటీలో పరిశోధనకు వచ్చింది. బానిసలుగా ఓడలెక్కించి తెచ్చినవాళ్ళ కూతుళ్ళూ మనవరాళ్ళూ సంఘాలు కట్టారు, సమ్మెలు చేశారు, చరిత్ర పుస్తకాల్లోకి మాత్రం ఎక్కలేదు. వాళ్ళ గురించి పుస్తకం రాస్తుండేది.

ఆ ఆదివారం మధ్యాహ్నాలు నాకిప్పటికీ కలలా ఉంటాయి. కిటికీ బయట వెదురు గడల మీద తడిబట్టలు ఊగుతుండేవి. పదో అంతస్తు కదా, మబ్బుల్లో ఆరేసినట్టుండేది. వెర్నా తన అమ్మమ్మ ఐస్మే గురించి చెప్పేది. రేవులో ఓడల దొరలకు బట్టలుతికేదట ఐస్మే. "కూలి పెంచేదాకా ఒక్క చొక్కా తడపం" అని ఉతికే ఆడవాళ్ళందరినీ కూడగట్టిందట. జైలుకూ వెళ్ళిందట. వింటూ వింటూ నేనూ ఆ రేవులోకి వెళ్ళిపోయేదాన్ని. సబ్బు వాసన కూడా తగిలేది.

ఐస్మే కథను ఓ తెలుగు పత్రికకు రాస్తానన్నాను. వెర్నా పొంగిపోయింది. రాశాను. రాస్తూ రాస్తూ చెయ్యి ఎక్కడ జారిందో! ఐస్మే అని ఉండాల్సిన చోట మా అమ్మమ్మ పేరు పెట్టాను. వాళ్ళ రేవు మా గోదావరి రేవయిపోయింది. ఎవరో నల్లామె కథ మనవాళ్ళు చదవరులే అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. అది అసూయ. మా ఇంటి బట్టలుతికే లక్ష్మిని బతికినన్నాళ్ళూ గడప తొక్కనివ్వని మా అమ్మమ్మను, ఉతికేవాళ్ళ కోసం జైలుకెళ్ళిన మనిషిని చేసి, అలాంటి ఇంట్లో పుట్టానని నేనే మురిసిపోయాను. ఛీ, ఎంత సిగ్గులేనితనం!

పత్రిక వచ్చింది. వెర్నా రెండు చేతులతో పట్టుకుంది. అప్పటికే ఆమెకు ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా' అంటుకుంది.

"మా గ్రానీ పేరెక్కడ? చూపించు లా."

తేలు కుట్టిన దొంగలా మా అమ్మమ్మ పేరు మీద వేలు పెట్టాను.

"ఇదిగో."

"ఎంత గుండ్రంగా ఉన్నాయి మీ అక్షరాలు!" ఆ పేరును నెమ్మదిగా తడిమింది. కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మకు పంపిస్తాను. వాళ్ళమ్మ పేరు అచ్చులో ఎన్నడూ చూడలేదు."

అప్పుడైనా చెప్పొచ్చుగా? రెండు నెలలకు వాళ్ళమ్మ ఉత్తరం రాసింది. ఆ పేజీకి అద్దం కట్టించి ముందుగదిలో పెట్టుకుందట. చర్చికి వెళ్ళేముందు ఆ పేరును ముద్దు పెట్టుకుంటుందట. వెర్నా చదివి వినిపిస్తుంటే నేను నవ్వాను. నవ్వాను, చూడండి.

ఆ తల్లి ముద్దు పెట్టుకున్నది మా అమ్మమ్మ పేరును. మా అమ్మేమో ఇదంతా తను పుట్టకముందు సంగతని నమ్మేసి, ఆ పత్రికను వచ్చినవాళ్ళందరికీ చూపించి, మా అమ్మ జైలుకెళ్ళింది తెలుసా అంటుంది. ఇద్దరు కూతుళ్ళనూ నేనే మోసం చేశాను. వెర్నా ఇప్పుడెక్కడుందో తెలియదు. క్షమించమని అడగడానికి మొహం కూడా లేదు.

సమ్మె చేసింది ఐస్మే. బట్టలుతుక్కుని బతికిన నల్లజాతి స్త్రీ. ఆమె నాకేమీ కాదు. తెలుగులో ఆమె పేరు రాయడం నాకు ఇవాళే మొదలు.