ఖైరున్ అక్క మోసిన నింద

నిన్న పొద్దున మన చుట్టాల గ్రూప్‌లో మెసేజ్ చూసి నమ్మలేదు.

"ఖైరున్ అక్క ఇక లేరు."

ఇలాంటి మెసేజ్‌లు పోయినేడు కూడా ఒకసారి తిప్పారు. అందుకే వాళ్ళ మనవడికి ఫోన్ చేశాను. అతను ఏడుస్తుంటే కూడా "నిజమేనా నాయనా, డాక్టర్ వచ్చి చూశాడా?" అని అడిగాను.

నిజమే. వందకు ఏడాదో రెండేళ్ళో తక్కువ. నిద్రలోనే పోయింది.

నాకు అనుమానం ఎక్కువని మీ అందరికీ తెలుసు. ఇది టైప్ చేస్తున్న మనవరాలు నా మాటలేమైనా మారుస్తోందేమోనని పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో ఈరోజు చెప్పేస్తాను.

మాది పెడన. నేత ఇల్లు. యుద్ధం రోజులు, నూలుకు కంట్రోల్. డిపోలో నూలు తూచి ఇచ్చేవారు, నేసిన గుడ్డ తూచి తీసుకునేవారు. తూకం తగ్గితే మళ్ళీ నూలు రాదు. నూలు రాకపోతే మగ్గం ఆగిపోతుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఖైరున్ అక్కకు పద్దెనిమిది ఉంటాయేమో. కలరాలో భర్త పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇంటింటికీ వచ్చి అచ్చు అతికేది. అంటే, అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపడం. వేళ్ళకు బూడిద రాసుకుని, తల ఎత్తకుండా, వందల పోగులు.

పని అయ్యాక నవ్వుతూ లేచేది. చెంగు చాటున ఒక సత్తు గిన్నె, దానికి మూత.

మా వీధికి ఆ నవ్వూ నచ్చలేదు, ఆ మూతా నచ్చలేదు.

"మొగుడు పోయిన పిల్ల అంత నవ్వు మొగంతో ఎట్టా తిరుగుద్దే? ఏదో ఉంది" అనేది మా అమ్మ.

ఆ నెల మా గుడ్డ తూకం తగ్గింది. ఇంకోసారి తగ్గితే నూలు కార్డు తీసేస్తామన్నారు డిపోలో. అమ్మ ఇంటికి వచ్చి ఒక్క మాట అంది. "ఆ గిన్నెలోనే పోతోంది మన నూలు."

అసలు సంగతి నాకు తెలుసు.

పడుగుకు పెట్టడానికి అమ్మ కాచిన గంజి నేను తాగాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆకలి. తాగినంత మేర నీళ్ళు పోసి కలిపేశాను. గంజి పలచనైతే నూలుకు పట్టదు, పోగులు తెగుతాయి, గుడ్డ తేలికైపోతుంది. నేతింటి పిల్లను, నాకిది తెలియకపోలేదు.

అమ్మ నన్నే పిలిచింది. "దాని వెనకాలే వెళ్ళు. గిన్నెలో ఏముందో చూసి రా."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

వెళ్ళాను. కాలవ గట్టు మీద, మగ్గాలు ఆగిపోయిన నాలుగు గుడిసెల దగ్గర ఆగింది అక్క. ముసలాళ్ళు లోటాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. మూత తీసి పోసింది. గంజి. తన రేషన్ నూకలతో కాచిన గంజి.

నన్ను చూసింది. "బుల్లీ, రా. నువ్వూ తాగు."

నేను తాగలేదు. ఏం కలిపిందో ఏమో! అక్క నా మొహం చూసి నవ్వి, ముందు తను ఒక గుక్క తాగి, తర్వాత నాకిచ్చింది.

"మీ పడుగు నా వేళ్ళకి పొడిగా తగిలింది, గంజి పట్టలా" అంది మెల్లగా. "ఆకలేస్తే ఇక్కడికి రా. పడుగుది తాగబాక. అమ్మ మగ్గం ఆగిపోద్ది."

గుక్క మధ్యలోనే ఆపేశాను. "అమ్మకు చెబుతావా?"

"నేనెందుకు చెబుతా? నువ్వు చెప్పాలిగాని."

"వీళ్ళకు పోయడం నీకెందుకు?" అని అడిగాను. అప్పుడూ అనుమానమే.

"మా ఆయన పోయాక మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలా. ఎదురింటి ముసలమ్మ గంజి తెచ్చి కూర్చుంది. తాగిందాకా లేవలా. అప్పట్నించీ ఎవరికన్నా ఇంత పోస్తేనే నాకు తెల్లారినట్టుంటది."

ఇంటికొచ్చి "గిన్నెలో గంజే ఉంది" అన్నాను.

"అడుగున నూలు ఉండదూ?" అంది అమ్మ.

నేను మగ్గం కింద తెగిపడిన పోగులు ఏరుతూ కూర్చున్నాను.

తర్వాతి అచ్చుకు అమ్మ ఆమెను పిలవలేదు. ఒక్కో ఇల్లూ పిలవడం మానేసింది. అక్క బెజవాడ వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు వీధి చివర కనిపించి చెయ్యి ఊపింది. నేను తలుపు చాటుకు తప్పుకున్నాను.

పెళ్ళై నేనూ బెజవాడే వచ్చాను. గవర్నర్‌పేట సందులో మళ్ళీ కనిపించింది. అక్కడా అదే గంజి పోసే పని, ఈసారి పెద్ద గిన్నె. అప్పటి నుంచీ కలిసిన ప్రతిసారీ భయమే. ఈరోజు బయటపెడుతుందా? మా ఆయన ముందు అంటుందా, పిల్లల ముందు అంటుందా? అంత మంచిగా ఉంటోందంటే ఏదో మనసులో పెట్టుకుందనే అనుకున్నాను.

మా ఆయన పోయినప్పుడు నేను అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. అక్క వచ్చి కూర్చుంది. ఇప్పుడు అంటుందనుకున్నాను.

"లే బుల్లీ. ఆస్పత్రి దగ్గర ముప్ఫై మందికి వండాల. నాకు చెయ్యి చాలట్లా" అంది.

లేచాను. వెళ్ళి వండాను. బతికాను.

మొత్తం ఎనభై ఏళ్ళు అనుమానంగా చూశాను ఆమెను. ఆమె మాత్రం ఒక్క మాట అనలేదు.

మన పెళ్ళిళ్ళలో పాత కబుర్లు వస్తే ఈనాటికీ "మన నూలు ఖైరున్ తీసింది" అంటారు మీలో కొందరు. నేను పక్కనే కూర్చుని వింటూ ఉంటాను.

ఇక అనకండి. ఆమె ఒక్క పోగు తీయలేదు. ఆ గంజి తాగింది నేను. మా అమ్మకు చెప్పలేదు, అమ్మ పోయింది. అక్కా, నిన్ను క్షమించమని అడగలేదు, నువ్వూ పోయావు.

వెళ్ళిరా అక్కా. నీ ప్రాణం చల్లగా ఉండాలి.