పసుపు అంటిన లెహంగాలు

మా అక్క చేవెళ్లలో లెహంగాలు కిరాయికిచ్చే దుకాణం పెడతానన్న రోజు మా ఇల్లు చావు ఇల్లులా అయింది.

"ఒకలు ఇడిసిన బట్ట ఇంకొకలకిస్తవా? మనమేమన్న గతిలేనోళ్లమా?" అంది అమ్మ. మా ఊరు ముడిమ్యాలలో ఎండిన బోరు పక్కన కూర్చుని కూర్చుని బాపుకు మాట కూడా ఎండిపోయింది.

అక్క వాదన సూటిగా ఉండేది. "ఒక్క పూట ఏసుకొని బీరువల పాతిపెడుతరు. ఆ గుడ్డ నేసుడుకు, రంగులద్దుడుకు ఎన్ని నీళ్లు తాగుతదో ఎరుకేనా? మన బోరుల చుక్క లేదు. నలుగురు ఒక్కటే ఏసుకుంటే ఏం పోతది?"

"పరువు," అన్నాను నేను.

"ఉంటే గదరా పోయేటిది!"

చేతిలో ఉన్నదంతా పెట్టి దుకాణం తెరిచింది. మొదటి గిరాకీ మొయినాబాద్ ఫంక్షన్ హాల్లో పెళ్లికి. తెల్లారి లెహంగా వాపసు వచ్చింది, అంచున బొటనవేలంత పసుపు మరకతో.

మా దిక్కున కొత్త బట్ట మూలకు పసుపు పెట్టకుండా ఒంటి మీద వేసుకోరు.

"ఇది కొత్తది కాదమ్మా, కిరాయిది," అంది అక్క.

"మా పిల్లకు కొత్తదే గద బిడ్డా," అంది పెళ్లికూతురి తల్లి.

సబ్బు పెడితే మరక ఎర్రబడింది. ఎండలో ఆరేస్తే పసుపు కంటే ముందు లెహంగా రంగు పోయింది. 'పసుపు పెట్టరాదు' అని బోర్డు రాయించాం. జనం బుద్ధిగా చదివి, కుంకుమ పెట్టారు.

తరువాత వచ్చిన ఒక పిల్ల ఆ మరక చూసి మొహం ముడుచుకుంది. "ఇది ఎవరో ఏసుకున్నరు గదక్కా!"

"కిరాయి అంటే గదే గద చెల్లే."

"ఎరుకే. గని కనవడొద్దు గద."

మచ్చలేని లెహంగాలు కొన్నే మిగిలాయి. అవి పాడైతే దుకాణం మూసుకోవాల్సిందే. అవే ఎదురుగా వేలాడదీసి, అమ్మను దుకాణంలో కూర్చోబెట్టి, ఒక గిరాకీకి బట్టలు ఇచ్చి రావడానికి ఇద్దరం మొయినాబాద్ వెళ్లాం. అప్పటికి అమ్మ కోపం కరిగింది. బిడ్డ బతుకు నిలబడాలని మొక్కుకోవడం కూడా మొదలుపెట్టింది.

మేము తిరిగొచ్చేసరికి అగరొత్తుల వాసన. వేలాడుతున్న ప్రతి లెహంగా అంచునా తడిపసుపు, ఒక్కటీ వదలకుండా.

"ఇగ మంచిగ నడుస్తది బిడ్డా. జర నవ్వు," అంది అమ్మ, పసుపు వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ.

అక్క ఆ లెహంగాల వంక చూసి, అమ్మ వంక చూసి, "మంచిగ చేసినవమ్మా," అని నీళ్లు తాగడానికి లోపలికి పోయింది. చాలాసేపు తాగింది. అంత దాహం మనిషికి ఉండదు.

ఇప్పుడూ దుకాణం నడుస్తోంది. అక్క కిరాయికి ఇవ్వదు, అమ్ముతుంది. హల్దీకి ఒకటి, సంగీత్‌కు ఒకటి, అన్నీ ఒక్క పూట బట్టలు. గిరాకీ బ్రహ్మాండం. అంతా తన పసుపు మహిమే అంటుంది అమ్మ. కాదనే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

మొన్న ఒకామె గుడ్డ నలిపి చూసి, "ఉతికితే రంగు పోతదా?" అని అడిగింది.

"ఉతుకుతవా?" అంది అక్క.

ఆమె ఇంకో రంగులోనూ ఒకటి ఇమ్మంది.