ఏడు, ఏడు ఏ

కంప్యూటర్ తప్పు పట్టినప్పుడు మోగే ‘ఠంగ్’ శబ్దం వింటే మా ఆఫీసులో అందరికీ చిరాకు. నాకు మాత్రం విమల గారు గుర్తొస్తారు. భీమవరం దగ్గర మా రొయ్యల ప్లాంటులో డేటాబేస్ కట్టింది ఆవిడే. నేను చేరిన కొత్తలో ఫారంలో ఒక గడి ఏం కొట్టినా తీసుకోక మొరాయిస్తుంటే దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. ఆవిడ వచ్చి వెనక నిలబడ్డారు. "గడిని తిడితే ఏం లాభం అమ్మాయ్? దాని వెనకున్న టేబుల్లో, ఆ పట్టికలో, మనం ఏం చెప్పామో చూడు. మనం చెప్పిందే అది పట్టుకుని కూర్చుంటుంది" అన్నారు. మెత్తగా మాట్లాడే మనిషి కాదు. మేనేజరుతోనూ అదే గొంతు.

మాకు సరుకు వచ్చే చెరువుల్లో కొన్ని ఒక ఆసామివి. ఎనిమిది శని అంకె అని ఆయన ఏడో చెరువు పక్కదానికి ఇంగ్లీషు అక్షరం తగిలించి ‘ఏడు ఏ’ అని పేరు పెట్టాడు. ఏడు సత్తిబాబు కౌలుకి చేస్తున్నాడు, ఏడు ఏ మా మేనేజరు బావమరిది చేస్తున్నాడు. చెరువు నంబరు గడిలో అంకెలే పడతాయి, అక్షరం కొడితే ఠంగ్‌మంటుంది. రొయ్యల శాంపిళ్ళు పరీక్షించే ల్యాబ్ వాళ్ళు విసిగిపోయి రెండిటికీ ఏడు అనే కొట్టేస్తూ వచ్చారు.

ఒకరోజు పొద్దున్న సత్తిబాబు లారీ వచ్చింది. ఫారం తెరిస్తే ఏడో చెరువుకి రెండు పరీక్షా ఫలితాలున్నాయి. ఒకటి శుభ్రంగా ఉంది, రెండోదాంట్లో వాడకూడని మందు ఆనవాలు తేలింది. "వెనక్కి పంపించేయండి" అన్నాడు మేనేజరు. సత్తిబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను మందేయలేదండి. నా పంటంతా ఈ లారీలోనే ఉందండి" అన్నాడు. విమల గారు ల్యాబ్‌కి వెళ్ళి శాంపిల్ సంచుల మీద చీటీలు చూసి వచ్చారు. మందు తేలింది ఏడు ఏలో, అంటే మేనేజరు బావమరిది చెరువులో.

"పక్కపక్క చెరువులే కదండి, అలా ఉండనివ్వండి" అన్నాడు మేనేజరు.

"ఉండనివ్వనండి. అంకెలే అనుకుని కట్టాను, ఆ తప్పు నాది. ఇప్పుడే సరిచేస్తాను."

"అవతల ఐసు కరిగిపోతోందండి."

"ఇంకో లోడు వేయించండి" అని ఆవిడ తల తిప్పకుండా పనిలో పడ్డారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, టేబుళ్ళ మధ్య లింకులు విప్పి, ఆ గడి అక్షరాలు కూడా తీసుకునేలా మార్చి, మళ్ళీ లింకులు కలిపారు. ఎవరి ఫలితం వారి చెరువుకి చేరింది. సత్తిబాబు సరుకు దిగింది. మేనేజరు బావమరిది సరుకు మాత్రం ప్లాంటు గుమ్మం తొక్కలేదు.

ఆ కోపం ఊరికే పోతుందా? వారం తిరక్కుండా ఆవిడని ఐసు ప్లాంటు గేటు దగ్గర కుర్చీలో వేశారు, వచ్చేపోయే బళ్ళు చూసుకోమని. సారీ చెబితే సీటు మళ్ళీ ఇస్తారట అని నేను కబురు మోసుకెళ్ళాను. "దేనికి చెప్పాలి?" అన్నారు. రిటైరై రామచంద్రపురం వెళ్ళిపోయేదాకా ఆవిడ గంజి పెట్టిన నేతచీరలో, తల ఎత్తుకుని ఆ గేటు దగ్గరే కూర్చున్నారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆవిడ సారీ చెప్పనన్నాక ఆ సీటు నాకిచ్చారు. ఆ రోజే మేనేజరు వచ్చి, "ఆ గడి మళ్ళీ మామూలుగా అంకెలకే పెట్టేయమ్మా, గొడవుండదు" అన్నాడు. "పెట్టనండి" అన్నాను.

"గేటు దగ్గర ఇంకో కుర్చీ వేయించడం ఎంతసేపమ్మా?"

"వేయించండి, వెళ్తాను. ఇది మాత్రం మార్చను."

అతను వెళ్ళిపోయాడు. తర్వాత కూడా అడుగుతూనే ఉన్నాడు, నేను కాదంటూనే ఉన్నాను. ఏడు ఏడే, ఏడు ఏ ఏడు ఏనే. ఆ గేటు దగ్గర ఎవరు కూర్చున్నారో చూసినదాన్ని, ఆ కుర్చీ అంటే నాకు భయమేంటి?