వంటమనిషికీ ఒక టికెట్

నాకు నలభై ఆరో ఏట పాస్‌పోర్టు వచ్చింది. ఊళ్లు చూడడానికని తీసుకున్నది కాదు. వంట చేయడానికి తీసుకున్నాను.

మా ఇల్లు పాతబస్తీలో, జహనుమాలో. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. నేను పదిహేనేళ్లుగా పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ వంట చేస్తున్నాను. ఉల్లి, వెల్లుల్లి లేని వంట నా చేతిలో బాగా కుదురుతుందని పేరు వచ్చింది. చార్మినార్ వైపు షావుకార్ల ఇళ్ల నుంచి పిలుపులు అందుకే వచ్చేవి. అలాంటి ఒక ఇంట్లో వండుతున్న రోజున, యాత్రలు తిప్పే ఒకాయన విస్తరి ముందు నుంచి లేచి నేరుగా వంటింట్లోకి వచ్చాడు. కాశీకీ రామేశ్వరానికీ బస్సులు పెట్టిన మనిషి. ఆ ఏడు మొదటిసారి శ్రీలంక, కంబోడియా, బాలి కలిపి పదమూడు రోజుల యాత్ర వేశాడు.

"అక్కా, మనోళ్లు రెండు రోజులు బయట తింటరు, మూడోరోజు లొల్లి షురూ జేస్తరు. నువ్వొస్తే నాకు ఫికర్ ఉండదు" అన్నాడు.

ఇంటికి వెళ్లి చెబితే మా ఆయన నవ్వాడు. "గాడికి పోయి గూడ పప్పు చేస్తవా?" అన్నాడు. మర్నాడు తనే ఆధార్ కార్డు జిరాక్స్ తీయించుకొచ్చాడు. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్ పక్కింటివాళ్లను మా గురించి అడిగి, చివరికి నన్ను ఏ పని మీద పోతున్నావని అడిగాడు. వంటకు అన్నాను. ఆయన రాసుకోవడం ఆపి, "వంటకా?" అని మళ్లీ అడిగి రాసుకున్నాడు.

యాత్రలో ఇరవై నాలుగు మంది. సగం మంది దుకాణాలవాళ్లు, సగం మంది రిటైరైనవాళ్లు. వాళ్ల బట్టల సూట్‌కేసులకంటే నా సామాన్ల పెట్టెలే బరువు. రెండు పెద్ద కుక్కర్లు, కరెంటు పొయ్యి, కందిపప్పు, కారం, చింతపండు, పోపు డబ్బా. కొలంబో ఎయిర్‌పోర్టులో ఒక ఆఫీసరు ఆ పెట్టె తెరిపించాడు. నల్లగా ముద్దగా ఉన్న చింతపండు మూట చూసి ముఖం చిట్లించాడు. నాకు ఇంగ్లీషు రాదు. కొంచెం తుంచి అతని చేతికిచ్చాను. వాసన చూసి, "సియంబలా!" అన్నాడు. వాళ్ల భాషలో చింతపండును అలా అంటారట. నవ్వి పెట్టె మూయించాడు.

కాండీలో దిగిన గెస్ట్‌హౌస్ వంటగది మా ఇంటి వంటగదికంటే చిన్నది. తెల్లవారక ముందే లేచి ఉప్మా చేసి పెట్టేదాన్ని. వాళ్లు తిని బస్సెక్కి బుద్ధుడి దంతం ఉన్న గుడికి వెళ్లేవారు. నేను గిన్నెలు కడిగి మధ్యాహ్నానికి వండి, డబ్బాలు వ్యాన్‌లో వేసుకుని వెనక వెళ్లేదాన్ని. వ్యాన్ గుడి దాకా పోదు, చెరువు పక్కన ఆగుతుంది. తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్లు తామరపూల పళ్లేలు పట్టుకుని వెళ్తుంటే, నేను వ్యాన్ వెనక తలుపు తీసి అన్నం వడ్డించాను. నాకేమీ లోటనిపించలేదు. వచ్చిన పని అదే కదా అనుకున్నాను.

లోటు తెలిసింది కంబోడియాలో.

అక్కడ పాతకాలపు రాళ్ల గుళ్లు ఒకటి రెండు కాదు, అడవి నిండా ఉన్నాయి. అన్నిటికీ కలిపి మూడు రోజుల టికెట్ ఇస్తారు. మొదటిరోజు అందరూ అంగ్‌కోర్ వాట్‌లో సూర్యోదయం చూడాలని చీకటితోనే బయలుదేరారు. పులిహోర పొట్లాలు కట్టిచ్చాను. తిరిగొచ్చాక అందరి నోటా అదే మాట. ఆ గోపురాలంట, నీళ్లలో నీడంట. ఫోన్లలో ఫొటోలు చూపించారు. చిన్న అద్దంలో అంత గుడి ఏం తెలుస్తుంది!

రెండోరోజు ఒకావిడ వెళ్లలేదు. సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, డెబ్భై దాటాయి. పాతబస్తీ ఆవిడే. చర్చికి వెళ్లే కుటుంబం. మోకాలు వాచిందని హోటల్లో ఉండిపోయి, తోచక నా దగ్గరకొచ్చి బీరకాయలు చెక్కడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, మీరు చర్చికి పోతరు కదా, గీ గుళ్లు చూడనీకి ఎట్లొచ్చిన్రు?" అని అడిగాను.

"గంత పెద్ద రాళ్లు ఎట్ల లేపిన్రో చూద్దామని వచ్చిన బిడ్డా. నువ్వు చూసినవా?"

"లేదు. నాకు టికెట్ తీయలే."

ఆవిడ కత్తిపీట పక్కన పెట్టింది. మెడలో వేలాడుతున్న తన టికెట్ తీసి నా మెడలో వేసింది. "పగటి వంట అయింది కదా. రాత్రి కూర నేను తరిగిపెడ్త. నీ వ్యాన్ డ్రైవర్‌ను తీస్కపొమ్మను. రెండు గంటలల్ల రావచ్చు."

వద్దన్నాను. ఒకసారి అన్నాను, రెండోసారి గట్టిగా అనలేదు. పొయ్యి కట్టేసి, చీర కొంగు సర్దుకుని వెళ్లాను.

దారిలో టికెట్ చూసేచోట ఒక చిన్నమ్మాయి ఉంది. నా మెడలోది చేతిలోకి తీసుకుని చూసింది. నన్ను చూసింది. మళ్లీ టికెట్ చూసింది. అప్పుడు నేనూ చూశాను. దాని మీద పెద్దమ్మ ఫొటో ఉంది. తెల్లజుట్టు, కళ్లద్దాలు. అంతసేపూ నేను గమనించనే లేదు. ఆ పిల్ల రెండు చేతులు జోడించి, తల అడ్డంగా ఊపింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు పక్కకు జరిగి నాకు దారిచ్చారు. నాకు దొంగతనం చేస్తూ దొరికినట్టనిపించింది. వ్యాన్ ఎక్కి హోటల్‌కు వచ్చేదాకా డ్రైవర్ ముఖం చూడలేదు.

పెద్దమ్మకు జరిగింది చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆవిడ సాయంత్రం భోజనాల దగ్గర అందరి ముందే చెప్పింది.

"ఇరవై నాలుగు మందిమి ఈమె చేతి బువ్వ తింటున్నం. ఈమెకు గుడి చూపియ్యరా?" అని టూర్ ఆయన్ను అడిగింది.

ఆయన తినడం ఆపాడు. "పెద్దమ్మా, ఆమె పనికొచ్చింది. తిరగనీకి రాలే. గిట్ల అందరు తిరిగితే వండేదెవరు?"

ఆయన చెడ్డమనిషి కాదు. నాకు ఒంట్లో బాగాలేకపోతే మాత్రలు తెచ్చిచ్చాడు, సామాన్లు తనే మోశాడు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. నేను పక్కనే చారు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకోసం పెద్దమ్మ అడుగుతుంటే నేను ఊరికే వినడం అంతకంటే చిన్నతనంగా తోచింది. గిన్నె బల్ల మీద పెట్టాను.

"అన్నా, రేపు టిఫిన్ చేసి పెడ్త. పగటి వంట ఒక్కపూట చెయ్య. నేను గుడికి పోత. నాకు టికెట్ కావాలె."

"మరి పగటీలి వీళ్లేం తింటరక్కా?"

బట్టల దుకాణం షావుకారు మధ్యలో అందుకున్నాడు. రోజూ అన్నం ఆలస్యమైతే అందరికంటే ముందు అరిచేది ఆయనే. "ఏందయ్యా, ఒక్కపూట అరటిపండ్లు తింటే సచ్చిపోతమా? పోనీ ఆమెను" అన్నాడు. ఇంకో ఇద్దరు ఔనన్నారు. టూర్ ఆయన మళ్లీ అన్నం కలుపుకుంటూ, "సరే, పొద్దుగాల తయారుండు" అన్నాడు.

పొద్దున కౌంటర్ దగ్గర చిన్న కెమెరా ముందు నన్ను నిలబెట్టి ఫొటో తీశారు. రెండు నిమిషాల్లో టికెట్ వచ్చింది. నిన్నటి చోట ఆ అమ్మాయి లేదు, ఒకబ్బాయి ఉన్నాడు. చూసి పంపించాడు. ఆ అమ్మాయే ఉంటే బాగుండేదనుకున్నాను.

బస్సు ముందు అంగ్‌కోర్ వాట్‌కే పోయింది, మొదటిరోజు చూసినవాళ్లు కూడా నాతో మళ్లీ దిగారు. దాని గురించి నేను కొత్తగా చెప్పగలిగేది లేదు. చాలా పెద్దది. నడిచి నడిచి నా కాళ్లు పీకాయి. వాకిట్లో ఎనిమిది చేతుల విష్ణుమూర్తి ఉన్నాడు, పసుపు బట్ట చుట్టారు. అక్కడివాళ్లు ఆయన ముందు అగరుబత్తీలు గుచ్చి బుద్ధుడికి మొక్కినట్టు మొక్కుతున్నారు. నేనూ మొక్కాను.

ఆ తర్వాత తీసుకెళ్లిన గుడిని బాయన్ అంటారు. గోపురం గోపురానికీ పెద్దపెద్ద రాతి ముఖాలు. గైడు అందరినీ ఆ ముఖాల దగ్గరకు పైకి తీసుకెళ్లాడు. మోకాలి వాపు కొంచెం తగ్గి ఆ రోజు పెద్దమ్మా వచ్చింది, కానీ మెట్లెక్కలేనంటే నేను ఆవిడతో కింద ఉండిపోయాను. ఇద్దరం గోడ పట్టుకుని మెల్లగా నడుస్తున్నాం. గోడ పొడవునా బొమ్మలు చెక్కారు. యుద్ధాలు, ఏనుగులు, పడవలు. నడుస్తూ నడుస్తూ నేను ఆగిపోయాను.

అక్కడ వంట జరుగుతోంది. మంట మీద పెద్ద గుండిగ. ఇద్దరు కలిసి ఒక పందిని అందులోకి దించుతున్నారు. పక్కన ఒకడు పుల్లలకు గుచ్చినవేవో కాలుస్తున్నాడు. కొందరు నెత్తిన పళ్లేలు పెట్టుకుని వడ్డించడానికి పోతున్నారు. ఏదో పెద్ద విందు. రాజు ఎవరో, విందు ఎందుకో తెలియదు. వండేవాళ్లు మాత్రం స్పష్టంగా ఉన్నారు.

"పెద్దమ్మా, మనోళ్లు!" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూసింది. "ఔ బిడ్డా! గా పంది కథ మన షావుకారుకు చెప్పకు, బువ్వ ముట్టడు" అంది. ఇద్దరం గట్టిగా నవ్వాం. ఎవరో తెల్లవాళ్లు తిరిగి చూశారు. నాకు ఎందుకో కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. పైనుంచి మావాళ్లు దిగివచ్చేదాకా అక్కడే ఉన్నాను.

బాలి చేరేసరికి టూర్ ఆయనే మారాడు. అడగకుండానే నాకూ టికెట్ తీశాడు. అక్కడి వంటింట్లో ఒకామె ఉండేది, నా వయసే. అన్నం వండగానే ఆకుతో అల్లిన చిన్న దొప్పలో పూలు, నాలుగు మెతుకులు పెట్టి పొయ్యి పక్కన ఉంచి దండం పెట్టేది. ఆమె దండం అయ్యేదాకా నేను పోపు వెయ్యకుండా ఆగేదాన్ని. రెండోరోజు ఆమె నాకూ ఒక దొప్ప ఇచ్చింది. ఆమెకు టమాట పప్పు నేర్పాను. పచ్చిమిర్చి, చిన్న ఉల్లి, నిమ్మగడ్డి సన్నగా తరిగి కాచిన కొబ్బరినూనె పోసే పచ్చడి ఆమె నాకు నేర్పింది. భాష లేకుండానే మస్తు ముచ్చట్లు పెట్టుకున్నాం.

ఇప్పటికి అయిదు యాత్రలు చేశాను. బయలుదేరే ముందే నా టికెట్ సంగతి మాట్లాడుకుంటాను. పోయినసారి నేపాల్‌కు ఇంకొకామెను కూడా తీసుకుపోదామని టూర్ ఆయనకు చెప్పాను. మొదట గొణిగాడు, తర్వాత సరేనన్నాడు. జల్‌పల్లిలో ఉండే ఆమె, నాతో పెళ్లి వంటలు చేసిన మనిషి. పశుపతినాథుడి గుడికి పొద్దున తను పోయింది. తను వచ్చి గరిటె అందుకున్నాక నేను పోయాను.