వేడి చల్లారకముందే

మాంసం కొట్టు మామ ఈ మధ్య మధ్యాహ్నానికే ఇల్లు చేరుతున్నాడు. కొట్టు వెనక చల్లగది కట్టించాక, తెల్లవారుజామున కోసిన గొర్రెలను తోలు తీయగానే అందులోకి తోసి తలుపు వేసేస్తున్నాడు. అంతకుముందు అవి నీడలో కొక్కేలకు వేలాడుతుంటే ఈగలు తోలుతూ కూర్చునేవాడు. తండ్రీ అలాగే కూర్చునేవాడు. చల్లగది లేక పడిన పాట్లే అవన్నీ అని మామ అనుకున్నాడు. మోకాళ్లు మొరాయిస్తున్న ఈ వయసులో నడుం వాల్చే వీలు దొరికితే అదే పదివేలు.

ఒక ఉదయం క్యాంటీన్ వంటమనిషి ముందురోజు కూర గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది.

“తిని చూడు మామా.”

మామ నమిలాడు. నములుతూనే ఉన్నాడు.

“ముసలి గొర్రెను అంటగట్టావు కదూ?”

“లేతదేనమ్మా, ఒట్టు.”

“అయితే నాకే వంట రాదన్నమాట! మేనేజరూ అదే అంటున్నాడు. ఇంకోసారి పళ్లాలు వెనక్కొస్తే నన్ను మాన్పిస్తాడట. ఎల్లుండి పంపేదీ ఇలాగే ఉంటే వేరే కొట్టు చూసుకుంటా.”

ఆమె అటు వెళ్లగానే, మాంసం పరీక్షించి ముద్ర వేయడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. చల్లగదిలో గొర్రె తొడ మీద చెయ్యి పెట్టింది.

“ఇంకా వేడిగా ఉందే! రోజూ ఇలాగే పెడుతున్నావా బాబాయ్?”

“చెడిపోకూడదని కదమ్మా.”

“ప్రాణం పోయినా కండలో సత్తువ వెంటనే పోదు. అది ఉండగానే చలి తగిలితే కండ ముడుచుకుని అలాగే ఉండిపోతుంది. ఎంత ఉడికించినా సాగుతుంది. దానంతటదే బిగిసేదాకా నీడలో ఉంచు. తర్వాత చల్లగదిలో ఒకటి రెండు రోజులుంటే లోపలి రసాలే కండ పోగులను సడలిస్తాయి.”

“అందాకా ఎవరు కూర్చుంటారమ్మా?” అన్నాడు మామ. అనగానే తండ్రి గుర్తొచ్చాడు. గొర్రెను బయటికి తెచ్చి నీడలో కొక్కేనికి తగిలించాడు.

మధ్యాహ్నం దాటాక భార్య వెతుక్కుంటూ వచ్చింది. “అన్నం చల్లారిపోయింది. ఇంకా ఏం చేస్తున్నావు?”

మామ తొడను వేలితో నొక్కాడు. “ఇంకా మెత్తగానే ఉంది. బిగుసుకునేదాకా చూడాలి.”

“దానికేం, హాయిగా వేలాడుతోంది. కూలబడింది నువ్వు.” ఆమె బకెట్ బోర్లించి కూర్చుని విసనకర్ర లాక్కుంది. “కాసేపు కళ్లు మూసుకో. బిగుసుకోగానే లేపుతా.”

మూడోనాడు మధ్యాహ్నం వంటమనిషి ఖాళీ గిన్నెతో వచ్చింది.

“ఒక్క పళ్లెమూ వెనక్కి రాలేదు మామా. మేనేజరే రెండోసారి వడ్డించుకున్నాడు. ఇక రోజూ ఇలాంటిదే పంపు.”

“రోజూనా?” అన్నాడు మామ.

కొక్కేనికి వేలాడుతున్న ఆనాటి గొర్రె తొడను నొక్కాడు. వేలు దిగింది. స్టూలు దగ్గరకు లాక్కుని, మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.