వంతు పెద్దరికం

స్విట్జర్లాండులో ఏడుగురు కలిసి ఒక దేశాధినేత. అందులో ఒకరు వంతు ప్రకారం ఏడాదిపాటు అధ్యక్షుడు. సభ నడుపుతాడు, వచ్చిన రాయబారులను పలకరిస్తాడు, అంతే. మిగతా ఆరుగురి మీద అజమాయిషీ ఏమీ లేదు. నిర్ణయం ఏడుగురిదీ.

పొందూరు దగ్గర హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పే రోజుల్లో ఈ పాఠమంటే నాకు మహా మోజు. నాన్న పోయాక పొలం పంచుకోకుండా ముగ్గురన్నదమ్ములం ఇదే పద్ధతి పెట్టుకుందామన్నది నేనే. ఏటా ఉగాదికి కొట్టుగది తాళాలు చేతులు మారేవి. తాళాలు ఎవరి దగ్గరుంటే వాడే ఆ ఏటి ఇంటిపెద్ద. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

అది అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో సంవత్సరం, నా వంతు నడుస్తోంది. చెల్లికి విజయనగరంలో టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. కాగితం మీద ఇంటిపెద్ద సంతకం చేసి శుక్రవారం లోపల అందించాలి. అన్న భోగాపురం వైపు అత్తవారింటికి వేరుశనగ తవ్వకాలకు వెళ్ళాడు. నెల్లిమర్ల జూటుమిల్లులో పనిచేసే తమ్ముడు ఆదివారాలే వచ్చేవాడు. ముగ్గురం కూర్చోకుండా ఎలా అన్నాను.

నేను ఇంట్లో పాఠం వల్లించుకుంటుంటే చెల్లి వింటూ ఉండేది.

"తొందర పనైతే అధ్యక్షుడు ఒక్కడే సంతకం ఎట్టి, తర్వాత ఆరుగురికీ సెప్పొచ్చని నువ్వే సదివావు కదా అన్నయ్యా," అంది.

చదివిన మాట నిజమే. అది దేశాల సంగతి, ఇళ్ళ సంగతి కాదని కసిరాను. నిజానికి అన్న ఏమంటాడోనని నాకు భయం. ఆ భయానికి పద్ధతి అని పేరు పెట్టుకున్నాను.

శుక్రవారం గడువు దాటిపోయాక, ఆదివారం ఇద్దరూ వచ్చారు. జరిగింది చెప్పాను. అన్న నా నడుముకున్న తాళాల గుత్తి వైపు చూశాడు.

"తాళాలు నీకాడే ఉన్నాయి కదరా. సంతకం ఎట్టేస్తే నాను కాదంతానేటి?"

మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తు పెడదామంటే చెల్లికి వయసు దాటిపోయింది.

నా వంతు ముగిసిన ఆ ఉగాదికి కూడా తాళాలు చింతపండుతో తోమి, కొంగుతో తుడిచి తెచ్చింది చెల్లే. నేను అందుకుని తమ్ముడి చేతికిచ్చాను. ఇంట్లో నలుగురం ఉండగా వంతులు మూడే ఎందుకయ్యాయో, పద్ధతి పెట్టినవాణ్ణి, నాకు తట్టనేలేదు.